ఇంట్లో చూడి ఆవు, పాలు మానేసిన కోడలు: వీగన్‌గా ఉంటున్నవాళ్లు, వద్దనేవాళ్లు ఇద్దరూ చెప్పండి

వంశధార_ఒడ్డు | మే 11, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది ఒడిశాలో గుణుపురం. పుట్టిల్లు పాలకొండ దగ్గర. పెళ్లయి ఇక్కడికి వచ్చి పదకొండేళ్లు. మొన్న కార్తీకంలో పాలు, పెరుగు, నెయ్యి మానేశాను. మాంసం, గుడ్లు అంతకు రెండేళ్ల ముందే మానేశాను. ఇలా పశువుల నుంచి వచ్చేవేవీ తిననివాళ్లని వీగన్ అంటారు. ఒంట్లో బాగోలేక మానలేదు. కారణం చెప్తాను.

మాకు ఒక జెర్సీ క్రాసు ఆవు ఉంది. మా అత్తగారు పెంచుకున్నది. కిందటి ఆషాఢంలో ఈనితే కోడెదూడ పుట్టింది. ఆవు పూటకి నాలుగు లీటర్లు ఇచ్చేది. చేపడానికని, అంటే పొదుగులోకి పాలు దిగడానికని, దూడని ఒక్క నిమిషం వదిలి, మూతికి నురగ ఉండగానే పలుపు పట్టి లాగి గుంజకి కట్టేసేవాళ్లం. లాగేది నేనే. దానికి ఎముకలు కనిపిస్తున్నాయని నాకు తెలుసు. కోడెదే కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా పట్టించుకోలేదు. నాలుగో నెలలో ఒక రోజు పొద్దున్న లేవలేదు.

దూడ పోయిన సాయంత్రం కూడా ఆవు దగ్గర చెంబు పెట్టుకుని కూర్చున్నాను. అది పాక గుమ్మం వైపే చూస్తూ నిలబడింది. చేపలేదు. ఒకాయన వచ్చి ఇంజెక్షన్ వేస్తే అప్పుడు చేపింది. ఆ పాలతోనే మర్నాడు మా బాబు పుట్టినరోజుకి పాయసం వండాను. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను, మింగలేకపోయాను. అప్పటినుంచి ముట్టలేదు.

ఇప్పుడు ఆ ఆవు మళ్లీ చూడితో ఉంది. జ్యేష్ఠంలో ఈనుతుంది. నేను తాగకపోయినా పితికేది నేనే, కాచేది నేనే, తోడు పెట్టేది నేనే. మళ్లీ కోడెదూడ పుడితే ఏం చేయాలి? ఇంట్లో ఆవును పెట్టుకుని నేను వీగన్‌ని అని చెప్పుకోవడం సరైనదేనా? రాత్రుళ్లు దీని గురించే టెన్షన్. తిట్టినా పరవాలేదు, విషయం తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తగా_వచ్చా | మే 11, రాత్రి 10:05

అక్కా, నేను మీ ఊళ్లోనే ఇంజినీరింగ్ చదువుతున్నాను. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. మొక్కలకి కూడా ప్రాణం ఉంది కదా. వరి కోస్తే తప్పు లేనిది పాలు పితికితే తప్పెలా అవుతుంది?

వంశధార_ఒడ్డు | మే 11, రాత్రి 10:31

తమ్ముడూ, ఆవు కూడా మొక్కలే తింటుంది. రోజుకి మోపెడు గడ్డి, తవుడు, చెక్క తిన్నాకే ఆ పాలు. మొక్కల మీద జాలి ఉన్నవాళ్లు కూడా ముందు తగ్గించాల్సింది పశువుల నుంచి వచ్చే తిండినే. ఇక దూడని పలుపు పట్టి లాగినప్పుడు అది నా వైపు చూసిన చూపు వరి కంకిలో నాకు ఎప్పుడూ కనపడలేదు. నాకు తెలిసిన తేడా అదే.

మామ్మ_వంటిల్లు | మే 12, ఉదయం 6:15

అమ్మాయీ, మాది కాశీనగర్. నాకు డెబ్బై దాటాయి. నువ్వు చేసింది మంచో చెడో నేను తేల్చలేను గానీ, పెరుగు లేకపోతే అన్నం ఎలా దిగుతుందని నిన్ను ఎవరైనా అడిగితే మాత్రం జవాబు నా దగ్గర ఉంది. మా చిన్నప్పుడు పాడి ఉన్న ఇళ్లు ఊళ్లో నాలుగో ఐదో. మిగతావాళ్లందరికీ పొద్దున్న తరవాణే. కుండలో గంజీ నీళ్లూ పోసి పులవనిచ్చి, రాత్రి అన్నం అందులో వేసి, పొద్దున్న ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినేవాళ్లం. ఆ పులుపు ముందు మజ్జిగ ఏపాటి. ఒడియావాళ్ల పఖాళ, అదే నీళ్లలో నానిన అన్నం, ఆ నీళ్లని తొరాణి అంటారు చూడు, మన తరవాణి, వాళ్ల తొరాణి ఒకే కుండలోవి. మార్చి 20న పఖాళ దినం అని ఇప్పుడు ఒడిశా అంతా పండగ చేసుకుంటున్నారు.

చోడి (రాగి) అంబలి కూడా మజ్జిగ లేకుండానే పులుస్తుంది. పిండి ముందు రోజు రాత్రి నీళ్లలో కలిపి ఉంచితే చాలు.

పశువైద్యం_రాయగడ | మే 12, రాత్రి 8:20

అమ్మా, నేను పశువుల ఆసుపత్రిలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుగా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. చూడి కట్టే ఇంజెక్షన్ వేసిన ఆవులు ఎన్నో లెక్క లేదు. మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను పాలు తాగుతాను, ముందే చెప్తున్నాను. అయినా ఈ విషయంలో అబద్ధం చెప్పను.

ఆవు ఈనితేనే పాలు. పుట్టేవాటిలో సగం పెయ్యలు, సగం కోడెలు. ఇది ప్రకృతి లెక్క. 2019 పశుగణన తీసి చూడండి. దేశంలో ఆవు జాతిలో ఆడవి 14 కోట్ల 51 లక్షలు, మగవి 5 కోట్ల లోపు. సగం సగం పుట్టినవి ఇలా మూడు ఆడవాటికి ఒక్క మగది ఎలా అయ్యాయి? మిగతావి ఏమయ్యాయో మీ పాకలో మీరు చూశారు. చాలావరకు ఎవరూ కత్తి పట్టి చంపరు. పాలు తగ్గిస్తారు, మందు వేయించరు, అది తనంతట తను పోతుంది. గేదె దున్నపిల్లల సంగతి ఇంకా అన్యాయం.

ఒకప్పుడు కోడె పుడితే రైతు సంతోషించేవాడు. రెండేళ్లకి కాడికి వస్తుంది. ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది. పైగా జెర్సీ క్రాసు కోడెకి మూపురం సరిగా ఉండదు, కాడి నిలవదు, ఎండకి ఆగదు. కొండ మీద ఇంకా ఎడ్లతో దున్నేవాళ్లు కూడా దేశవాళీనే అడుగుతారు. ఇప్పుడు ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన వీర్యం ప్రభుత్వమే ఇస్తోంది. పదింటికి తొమ్మిది పెయ్యలే పుడతాయి. కోడె చచ్చిపోయే బాధ ఉండదు, అసలు పుట్టదు కాబట్టి. కానీ ఆ పెయ్య ఏడెనిమిది ఈతల తర్వాత వట్టిపోతే దాన్ని ఎవరు మేపుతారు అనే ప్రశ్న అలాగే ఉంటుంది. ఒడిశాలో 1960 నాటి చట్టం ప్రకారం ఆవుని వధించకూడదు. మేపలేనివాడు రోడ్డు మీద వదులుతాడు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. మీ ఆవును పితకడం పూర్తిగా మానడం కుదరదు. క్రాసు ఆవు దూడకి కావలసిన దానికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ చేపుతుంది. పొదుగులో వదిలేస్తే పొదుగువాపు వస్తుంది, ఆవు నరకం చూస్తుంది. అందుకని పితకడం పాపమని కుమిలిపోకండి. ఎవరు ముందు తాగారు అన్నదే చూడండి.

ఈనిన గంట, రెండు గంటల్లోపు ముర్రుపాలు దూడ కడుపులో పడాలి. మనిషి బిడ్డకి తల్లి గర్భంలోనే కొంత రోగనిరోధక శక్తి వస్తుంది. దూడకి మాయ గుండా అది రాదు, ముర్రుపాలలోనే రావాలి. ఒక రోజు దాటితే దూడ పేగు దాన్ని తీసుకోలేదు. దూడ బరువులో పదో వంతు, అంటే 25 కిలోల దూడకి రెండున్నర లీటర్లు మొదటి రోజే తాగాలి. మన ఇళ్లలో ఏం జరుగుతుంది? ఈనగానే జున్నుపాల కోసం నాలుగు ఇళ్ల గిన్నెలు వస్తాయి. దూడకి మిగిలింది ఇస్తారు. నేను చూసిన దూడ చావుల్లో సగం బీజం అక్కడే పడింది.

తర్వాత నెలరోజులు కూడా బరువులో పదో వంతు లెక్కే. పదో రోజుకి ఏలికపాముల (కడుపులో పురుగుల) మందు. మీ దూడ పోయింది ఆకలితోనా, ఏలికపాములతోనా అన్నది చూడకుండా చెప్పలేను, రెండూ కలిసే వస్తాయి.

జయపురం_మందులషాపు | మే 13, ఉదయం 11:02

వదినా, మీ మనసు అర్థమైంది. ఆరోగ్యం సంగతి నేను చెప్తాను, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. నాకు ఇలా మానేసినవాళ్లు ఇద్దరు తెలుసు. ఒకరికి రెండో ఏడాది దాటాక అరికాళ్లు తిమ్మిర్లు, మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యాయి. విటమిన్ బి12 లోపం.

బి12 మొక్కల్లో నమ్మదగ్గట్టు దొరకదు. దాన్ని తయారు చేసేవి సూక్ష్మజీవులు. పశువుల నుంచి మనకి వస్తుంది. పెద్దవాళ్లకి రోజుకి రెండు, రెండున్నర మైక్రోగ్రాములు చాలు, అయినా అది లేకపోతే నరాలు దెబ్బతింటాయి. కాలేయంలో నిల్వ కొన్నేళ్లు వస్తుంది కాబట్టి మొదట్లో ఏమీ తెలియదు, నాకు బాగానే ఉంది అనుకుంటాం. పులిసిన అంబలిలో ఉంటుంది, కడగని ఆకుకూరలో ఉంటుంది అని ఎవరైనా అంటే నమ్మకండి. మాత్ర వేసుకోవాల్సిందే. మాత్రలోని బి12 సూక్ష్మజీవులతోనే తయారవుతుంది, అందులో జంతువు ఏమీ ఉండదు. క్యాప్సూల్ అయితే పైన తొడుగు జెలటిన్ కావచ్చు, అది ఎముకలు, తోలు నుంచి తీసేది. కాబట్టి బిళ్ల అడగండి. విటమిన్ డి3 కూడా ఎక్కువగా గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీస్తారు. డి2 అలా కాదు.

ఇంట్లో ఎవరైనా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే వాళ్లకి పాలు తాగినా బి12 తగ్గవచ్చు. ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి.

కాల్షియం గురించి భయం వద్దు. చోళ్లలో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది. అంతే బరువు ఆవుపాలలో 120 దగ్గర. నువ్వులు, మునగాకు మన దగ్గర కొదవ లేదు. పప్పన్నంలో నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. భోజనం అవగానే టీ తాగకండి.

బాబు సంగతి వేరు. వాడికి పాలు మాన్పించాలనుకుంటే పిల్లల డాక్టరుతో మాట్లాడకుండా చేయకండి. ఏడాదిలోపు పసిపిల్లలకి ఎవరూ కొబ్బరిపాలు, వేరుశెనగ పాలు తల్లిపాల బదులు పట్టకూడదు.

వంశధార_ఒడ్డు | మే 13, మధ్యాహ్నం 2:15

అన్నయ్యా, చాలా థాంక్స్. బి12 గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. రేపే తెప్పిస్తాను. బాబుకి నేను ఏమీ మాన్పించలేదు. వాడు పాలు తాగుతాడు. వాడికి దూడ సంగతి తెలుసు, పెద్దయ్యాక వాడే చూసుకుంటాడు.

మాస్టారూ, జున్ను గురించి మీరు రాసింది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. కిందటిసారి తొలి పూట పాలు అయిదు ఇళ్లకి పంచింది నేనే. జున్ను పంచకపోతే ఆవుకి దిష్టి అంటారు మా అత్తగారు.

కొండబడి_టీచరు | మే 14, రాత్రి 9:10

మాది సవర తెగ ఇల్లు. ఇంటరు పాతపట్నంలో తెలుగులో చదివాను, ఇప్పుడు గుణుపురం పైన కొండ బడిలో పాఠం చెప్తున్నాను. ఇక్కడ ఇంతవరకూ ఎవరూ అనని మాట ఒకటి అనాలి.

వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఇంకొందరూ శాకాహార సంఘంలోంచి విడిగా వచ్చి పాలు, గుడ్లు కూడా వద్దన్నారు. దాన్ని చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వ జీవితంలో ఆవును పితకలేదు. మా కొండల్లో చాలా తెగల్లో పాతకాలంలో పితికే అలవాటే లేదు. పాలు దూడవి, మనం తాగితే దూడ దగ్గర దొంగిలించినట్టే అన్నట్టు ఉండేది. ఆవును దున్నడానికి ఉంచుకునేవాళ్లు, పండగకి కోసుకునేవాళ్లు కూడా. దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. మాంసం తిన్నారు, దూడ పాలు మాత్రం దూడకే వదిలారు.

కింద ఊళ్లలో దీనికి తలకిందులు. పాలు పవిత్రం, మాంసం అపవిత్రం. మేం మాంసం తింటామని మా పిల్లల పక్కన కూర్చుని తినని ఇళ్లు నాకు తెలుసు. అదే ఇంట్లో దూడ ఆకలితో పోతే ఎవరికీ మైల అంటలేదు. అందుకే శాకాహారం గురించి ఎవరైనా ఉపన్యాసం ఇస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెల్లెమ్మ రాసింది చదివాక మండలేదు, ఎందుకంటే ఆమె ఎవరి పళ్లెంలోకీ తొంగిచూడలేదు, తన చేతిలోని పలుపు వైపు చూసుకుంది.

ఒక్కటే కోరిక. వీగన్‌లు అంగన్‌వాడీ గుడ్డు మీద మాత్రం చేయి పెట్టకండి. మా బడిలో పిల్లలకి గుడ్డు పెట్టే రోజు హాజరు ఎలా ఉంటుందో నేను రోజూ రిజిస్టరులో చూస్తాను. ముందు పట్నంలో ఐస్‌క్రీమ్ తినేవాళ్లని మాన్పించండి.

వంశధార_ఒడ్డు | మే 14, రాత్రి 9:48

అన్నా, గుడ్డు మీద నేను ఎప్పటికీ ఒక్క మాట అనను. మా ఇంట్లో అలా పక్కన కూర్చోకూడదనే అలవాటు ఉండేది. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో నేనూ పాటించాను. తప్పే. పాలు దూడవి అన్న మీ అవ్వ మాట మా అత్తగారికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కాసేపాగి, వాళ్లకి పాడి లేదు కాబట్టి అన్నారు.

సిరొంచ_రైతుబిడ్డ | మే 15, ఉదయం 7:30

నమస్తే. మాది సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దును, కోడెను కూడా వధకి అమ్మకూడదు. మా నాన్న దగ్గర ముసలి ఎద్దు ఒకటి ఉండేది. అమ్మలేదు, వదిలేయడానికి మనసు రాలేదు, ఆరేళ్లు మేపాం. పత్తి దెబ్బతిన్న ఏడాది కూడా దానికి గడ్డి కొన్నాం. చట్టం చేసినవాళ్లు ఆ గడ్డి డబ్బు ఎవరిదో అడగలేదు. నేను మాంసం తింటాను. కానీ పాలు తాగుతూ మాంసం తినేవాళ్లని తిట్టేవాళ్లకంటే ఈ అక్క దారే సూటిగా ఉందని నాకు అనిపిస్తుంది.

బరంపురం_మగ్గం | మే 16, మధ్యాహ్నం 3:40

పాల దగ్గర ఆగితే సరిపోదు కదా అని అడుగుతున్నాను, కోపంతో కాదు. మేం దేవాంగులం. బరంపురం పట్టు మా ఇంటి పని. ఒడియా పెళ్లి మా పాటో (ఆడవాళ్ల పట్టుచీర), జోడో (మగవాళ్ల పట్టు బట్టలు) లేకుండా జరగదు. మా చీరకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పట్టు దారం మాకు బెంగళూరు వైపు నుంచి వస్తుంది, కాబట్టి పురుగును మేం కళ్లతో చూడం. అయినా తెలుసు. గూడు కట్టాక పురుగు రెక్కల పురుగులా బయటికి రావాలంటే గూటికి చిల్లు చేసుకుని రావాలి. చిల్లు పడితే దారం తెగుతుంది. తెగకుండా అర కిలోమీటరు పైన ఒకే పోగు రావాలంటే పురుగు లోపల ఉండగానే ఆవిరి పట్టి చంపేయాలి. ఒక చీరకి ఇలాంటి గూళ్లు వేలల్లో.

మా నాన్నకి ఇది ఎప్పుడూ ప్రశ్న కాలేదు. నాకు అయింది, మూడేళ్లుగా. హైదరాబాదులో చేనేత సంస్థలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు పురుగు వెళ్లిపోయాక మిగిలిన గూళ్లతో అహింసా పట్టు తీసి పేటెంటు కూడా పొందారు. నేను ఆ పట్టు దారం కొంచెం తెప్పించి నేశాను. వడికిన దారం కాబట్టి మెరుపు తక్కువ, పోగు ముతక, ధర ఎక్కువ. మెత్తగా ఉంటుంది, కట్టుకుంటే హాయి. పెళ్లివాళ్లు మాత్రం మెరుపే అడుగుతారు. ఇంకో సంగతి, బయటికొచ్చిన ఆ రెక్కల పురుగు కూడా ఎగరలేదు. వేల ఏళ్లు మనం పెంచి పెంచి దాని రెక్కల్లో సత్తువ లేకుండా చేశాం. దానికి నోరు కూడా పనిచేయదు, నాలుగు రోజులు ఉండి గుడ్లు పెట్టి పోతుంది. అయినా గూడు విప్పుకుని వెలుగు చూసి పోవడం వేరు అని నేను అనుకుంటున్నాను.

మగ్గం మానేస్తే మా ఇల్లు గడవదు. నూలు చీరలు కూడా నేయడం మొదలుపెట్టాను. మీరు నాలాంటివాణ్ణి ఎక్కడ నిలబెడతారు?

పర్లాకిమిడి_కొమ్ముపని | మే 16, సాయంత్రం 6:12

అన్న అడిగిందే నాదీ. పర్లాకిమిడి కొమ్ముపని మాది. నిప్పు మీద కొమ్మును వెచ్చజేసి మెత్తబడ్డాక వంచి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తాం. చచ్చిన పశువు కొమ్మే కొంటాం. మా కోసం ఏ పశువునీ చంపలేదు. చచ్చాక పారేసే దానికి ప్రాణం పోసినట్టు ఉంటుందని మా తాత అనేవాడు. ఇది కూడా హింసేనా?

వంశధార_ఒడ్డు | మే 16, రాత్రి 10:20

అన్నయ్యలిద్దరికీ. మిమ్మల్ని ఎక్కడో నిలబెట్టే అర్హత నాకు ఎవరిచ్చారు? నేను ఆరు నెలల మనిషిని. నా సంగతి మాత్రం చెప్తాను. నా పెళ్లి పట్టుచీర బీరువాలో ఉంది. పారేయలేదు, పారేస్తే ఆ పురుగులు తిరిగి రావు. కొత్తది కొనను. కొంటే బరంపురంలో మీ మగ్గం మీద నేసిన నూలు చీరే కొంటాను, ఎలా పంపుతారో చెప్పండి.

కొమ్ము గురించి నాకు మనసులో తేలలేదు. తనంతట తను పోయిన పశువు కొమ్మయితే అందులో నాకు తప్పు కనపడలేదు. అది తనంతట తను పోయిందా, మా దూడలా పోయిందా అని మాత్రం మీరు తెలుసుకోలేరు, నేనూ తెలుసుకోలేను.

కొత్తగా_వచ్చా | మే 17, ఉదయం 8:00

అక్కా, నేను ఈ వారం పాలు లేకుండా ఉండి చూద్దామనుకున్నాను. హాస్టల్లో టీ దగ్గరే ఆగిపోయాను. బయట బిస్కెట్ ప్యాకెట్లలో కూడా పాలపొడి ఉంటోంది. ఎలా చూసుకోవాలి?

జయపురం_మందులషాపు | మే 17, ఉదయం 10:45

వెనక రాసే పదార్థాల్లో పాలపొడి, వే పౌడర్, కేసిన్, లాక్టోజ్ అని ఉంటే అన్నీ పాలవే. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు, పాలు ఉన్నా ఆ చుక్క ఉంటుంది. వీగన్ సరుకులకి 2022లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ వేరే నియమాలు తెచ్చింది. వాటి గుర్తు ఆకుపచ్చ గడిలో ఇంగ్లిషు వి అక్షరం, దాని మీద చిన్న ఆకు. మన ఊళ్లలో ఇంకా అరుదే. బజారులో నాలి చా, అంటే పాలు లేని టీ, అని అడుగు తమ్ముడూ, అల్లం వేసి ఇస్తారు.

మామ్మ_వంటిల్లు | మే 18, ఉదయం 5:50

మా మనవరాలు బెంగళూరులో చేసే పెరుగు నేర్పింది, రాస్తున్నాను. ఒక గ్లాసు వేరుశెనగ గుళ్లు రాత్రంతా నానబెట్టి, పొద్దున్న పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్లు పోస్తూ మెత్తగా రుబ్బి గుడ్డలో వడకట్టు. ఆ పాలు సన్నసెగ మీద అడుగంటకుండా కలుపుతూ చిక్కబడేదాకా కాచు. గోరువెచ్చగా అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు కడిగి తుడిచి అందులో వేసి మూత పెట్టు. ఎండాకాలం ఎనిమిది గంటలకి తోడుకుంటుంది. తర్వాత నుంచి ఆ పెరుగే తోడు. మొదటిసారి వేరుశెనగ వాసన వస్తుంది, ఆవాలు, కరివేపాకు తాలింపు వేసి చల్లపులుసు చెయ్యి, తెలియదు. పిప్పి పారేయకు, వడియాలకి పనికొస్తుంది.

దేవుడి దగ్గర నెయ్యి లేదని బాధపడకు. నువ్వులనూనె దీపం మన అమ్మమ్మలందరూ పెట్టిందే. అభిషేకానికి కొబ్బరినీళ్లు చాలు.

పశువైద్యం_రాయగడ | మే 19, రాత్రి 7:30

అమ్మా, ఒక పాత పద్ధతి గుర్తొచ్చింది. మా ఊళ్లో పెద్దరైతులు రెండు చన్నులు దూడకి, రెండు ఇంటికి అని పెట్టుకునేవాళ్లు. దూడ వైపు చన్నుల మీద ఎవరి చేయీ పడదు. మీ అత్తగారితో వీగన్ అనే మాట ఎత్తకుండా ఇది చెప్పి చూడండి. ఆవిడకి తెలిసే ఉంటుంది.

వంశధార_ఒడ్డు | మే 22, రాత్రి 9:55

చెప్పాను మాస్టారూ. మా పుట్టింట్లో అలాగే ఉండేది అన్నారు. తర్వాత, అప్పుడు పాలు అమ్ముకునేవాళ్లం కాదు అన్నారు. అక్కడే ఉంది చిక్కు. ఆ పాల డబ్బు మా అత్తగారి చేతిలో ఉండే ఒకే ఒక్క డబ్బు. మామగారు పోయాక మా ఆయన్ని ఒక్క రూపాయి అడగకుండా బతికారావిడ. నేను నీతి అంటున్నది ఆవిడ చేతి సంచి మీద పడుతోంది. నేను కుట్టుపని చేస్తాను, నెలకి అంత నేను ఇస్తానత్తా అన్నాను. నీ దగ్గర తీసుకోను అన్నారు. ఆవిడ కోపంగా అనలేదు. నాకే ఏడుపొచ్చింది.

కొండబడి_టీచరు | మే 22, రాత్రి 10:30

ఆవిడ డబ్బు ఆవిడ దగ్గరే ఉండనివ్వు చెల్లెమ్మా. తొందరపడకు.

వంశధార_ఒడ్డు | జూన్ 14, ఉదయం 11:20

ఈనింది. తెల్లవారుజామున మూడూ యాభైకి. కోడెదూడ.

నేనూ అత్తగారూ లాంతరు పట్టుకుని కూర్చున్నాం. కరెంటు లేదు. దూడ ముక్కు తుడిచి, గిట్టలు గిల్లి, ఆవు నాకడం మొదలుపెట్టాక పక్కకి జరిగాను. నాలుగున్నరకి లేచి నిలబడబోయి రెండుసార్లు పడింది. మూడోసారి నిలబడింది. పొదుగు వెతుక్కోలేకపోతే అత్తగారే దాని మూతి పట్టి చన్నుకి పెట్టారు. నేను అడగలేదు. కడుపు నిండేదాకా తాగింది, తోక ఆడిస్తూనే ఉంది. మళ్లీ ఎనిమిదింటికి తాగింది.

గిన్నెలు వచ్చాయి. పక్కింటి ఆమె, వెనకింటివాళ్లు. అత్తగారు గుమ్మంలో నిలబడి రేపు రండి అన్నారు. ఇంతవరకూ మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. లోపలికొచ్చి నాతో, రేపు కూడా దూడ తాగాకే, కానీ పంచాలి, దిష్టి అన్నారు. సరే అత్తా అన్నాను.

ఆవును మళ్లీ చూడి కట్టించడం గురించి ఇంకా తెగలేదు. ఇదే ఆఖరి ఈత అని నేనంటున్నాను. ఆవిడ ఊ అనలేదు, వద్దనలేదు. కోడెను పెద్దయ్యాక ఏం చేస్తామన్నది మా ఆయన అడిగారు. మేపుతాం అన్నాను. ఎన్నేళ్లు అన్నారు. దానికెన్నేళ్లుంటే అన్నేళ్లు అన్నాను. గడ్డి లెక్క రాసుకుని కూర్చున్నారు పాపం, ఇప్పుడు కూడా రాస్తూనే ఉన్నారు.

మాస్టారూ, పదో రోజంటే 24వ తేదీ. ఏలికపాముల మందు ఏది తేవాలో రాయండి. దూడ పాకలో అటూ ఇటూ తిరుగుతోంది. మెడకి పలుపు ఇంకా కట్టలేదు.

పశువైద్యం_రాయగడ | జూన్ 14, మధ్యాహ్నం 12:05

చాలా సంతోషం అమ్మా. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది, 23న ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి అంగుళాల్లో రాయండి, చెప్తాను. బొడ్డుకి ఇవాళే అయోడిన్ పూయండి, ఈగలు వాలనివ్వకండి. సాయంత్రం మాయ పడిందో లేదో చూసి రాయండి. పడకపోతే చేత్తో లాగకండి, ఆసుపత్రికి ఫోన్ చేయండి.

వంశధార_ఒడ్డు | జూన్ 14, సాయంత్రం 5:40

పదింటికే పడింది మాస్టారూ. అయోడిన్ పూశాం. అత్తగారు పట్టుకున్నారు, నేను పూశాను.